రొయ్య మీసం చూపించిన లెన్సు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కంప్యూటరుకు తెలియనిది లేదు, దాని తర్వాత నాకు తెలియనిది లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్సు గట్టెక్కి, కాకినాడలో లెన్సులు డిజైన్ చేసే ఓ చిన్న ఆఫీసులో చేరాను. యజమానిని అందరూ మాస్టారనేవారు. ఆయన లాగరిథం పట్టికలతో కాంతి కిరణాలను లెక్కగట్టిన మనిషి. ఒక్క కిరణం గాజులో ఎక్కడ వంగి ఎటు పోతుందో తేల్చడానికి ఓ పూట, మొత్తం లెన్సుకు ఓ వేసవి పట్టేదట. "చేత్తో లెక్కేస్తేనే అద్దానికి ప్రాణం వస్తుందమ్మాయ్" అనేవారు. రాజమండ్రిలో బట్టల కొట్టున్న మా నాన్న మాత్రం "ఈ మొదటి పని నెగ్గితే సరే, లేకపోతే వచ్చి కొట్లో కూర్చో" అని తేల్చేశారు.

ఆ మొదటి పని భీమవరం రాజుగారిది. చెరువులో రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలియాలంటే, మేత వేసిన చెక్ ట్రేను పైకి లాగి చూడాల్సిందే. ఆయనకు నీళ్ళలోకి దించే కెమెరా కావాలి. "మీసం కూడా కనబడాలండి" అన్నారు, తన మీసం సవరించుకుంటూ. (ఎవరి మీసమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.)

కంప్యూటరుకు అప్పజెప్పాను. అద్భుతమైన డిజైన్ ఇచ్చింది. గర్వంగా తీసుకెళ్తే, మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి "అంచు చూసేవా?" అన్నారు. చూశాను. అంచు దగ్గర గాజు మందం సున్నా కంటే తక్కువ! అలాంటి అద్దాన్ని బ్రహ్మదేవుడు కూడా అరగదీయలేడు.

"దానికి గాజంటే అంకే కదమ్మాయ్. అంచుండాలని నువ్వు చెప్పేవా? పోన్లే, నేను మొదలెడతాను. దసరాకి అయిపోద్ది."

దసరాకంటే నేను కొట్లో చీరలు మడతపెడుతూ ఉంటాను! ఉక్రోషం పొంగుకొచ్చింది. అంచు ఇంతకు తగ్గకూడదని, ఎదురుగా ఉన్నది గాలి కాదు నీళ్ళని చెప్పి మళ్ళీ నడిపించాను. మాస్టారు పెసరట్టు తెప్పించుకున్నారు. అది సగం కాకముందే కొత్త డిజైన్ వచ్చేసింది. ఆయన నమ్మలేక, సాయంత్రం దాకా ఓ కిరణాన్ని చేత్తో లెక్కగట్టారు. అక్షరాలా సరిపోయింది. "నా వేసవులన్నీ కలిపి ఒక్క పెసరట్టుకొచ్చేసేయి!" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

లెన్సు తయారై, కెమెరాలో కూర్చుని చెరువులోకి దిగిన రోజు నాన్నను కూడా గట్టు మీదికి లాక్కొచ్చాను. తెర మీద కాసేపు బురద తప్ప ఏమీ లేదు. తెరను చున్నీతో తుడిచాను. ఇంతలో ఒక రొయ్య తీరిగ్గా వచ్చి మీసాలు ఊపింది.

"మీసవండీ! అదిగో మీసం!" అని రాజుగారు గట్టు అదిరేలా అరిచారు. నాన్న తెర మీంచి చూపు తిప్పకుండానే "కొట్లోకి ఇంకెవర్నైనా చూసుకుంటాలే" అన్నారు.

ఇప్పుడు నాకే ఓ ఆఫీసుంది. మొన్న కొత్తగా చేరిన పిల్ల, ఎలాంటి లెన్సు కావాలో మామూలు మాటల్లో కంప్యూటరుకు చెప్పి, ఎంచిన గాజుతో సహా డిజైన్ తెచ్చింది. నేను కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి "అంచు చూసేవా?" అన్నాను.

"అదే చూసుకుంటదండి మేడమ్" అంది జాలిగా.

ఇంకేం చెయ్యను, పెసరట్టు తెప్పించుకున్నాను.