నీల్ దీవికి ఇద్దరం, తిరిగి ఒక్కొక్కరం

ఫిబ్రవరి 9, సోమవారం. పొద్దున అయిదింటి నుంచి అయిన పనులు: పట్టుపురుగులకు మూడు మేతలు, పడకల కింద చెత్త ఎత్తడం, ఆకు కోసే ఆడవాళ్లకు సంగటి, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచే బస్సారు, రెండు ఆవుల పాలు డెయిరీకి, ఒక బక్కెట్టు ఉతుకు. నాలుగో మేతకు ఇంకా గంటన్నర ఉంది. అండమాన్ పోవాలనుకునే దంపతులు దారీ ఖర్చూ అడుగుతున్నారు కాబట్టి ఈ గంటన్నరలో రాస్తున్నాను.

మా ఊరు జంగమకోటె పక్కన. బోరు వెయ్యి అడుగులు దాటినా తడి మట్టి వస్తే అదృష్టమనుకునే నేల. దేవనహళ్లిలో విమానాశ్రయం తెరిచిన ఏడాది, మల్బరీ ఆకు కోస్తూ తలెత్తి విమానాన్ని చూస్తున్న నాతో మా ఆయన అన్నాడు: "ఒగ దినం నిన్ను దాంట్లో ఎక్కిచ్చి, నాలుగు పక్కలా నీళ్లుండే తావుకు పిల్చకపోతా సూడు." కానీ పురుగులు పెంచే ఇంట్లో మొగుడూ పెళ్లాలు కలిసి ఊరు దాటరు. ఒక పంట పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు చేరేసరికి ఇంకో పంటకు షెడ్డు కడగాలి. ఏడాదికొకసారి ఆయన "పోదామా?" అనేవాడు. "ఈ పంట కానీ" అనేదాన్ని నేను. ఈ జనవరిలో షెడ్డు కడిగి సున్నం చల్లాక, మొదటిసారి నేనే పోదామన్నాను. చింతామణిలో ఉన్న మా చెల్లెలి కూతురు టికెట్లు తీసింది. ఇద్దరికీ రానూపోనూ ముప్పై ఒక్క వేలు.

ఊరి నుంచి విమానాశ్రయానికి టాక్సీ పద్నాలుగు వందలు. ఏడు గంటల విమానం ఎక్కితే పదిలోపల పోర్ట్ బ్లెయిర్. కిటికీ సీటు ఆయన నాకే ఇచ్చాడు. పైకి లేవగానే నా మీదుగా వంగి, "అదో, మన షెడ్డు రేకులు మెరస్తాండాయి!" అన్నాడు. నాకు కనబడలేదు. మధ్యాహ్నం రెండింటికి నీల్ దీవికి బోటు. రెండు గంటల ప్రయాణం. అల ఎత్తుగా ఉన్నప్పుడు కడుపులో తిప్పుతుంది కాబట్టి ఖాళీ కడుపుతో ఎక్కవద్దు. మేము దిగిన బసలో గది రోజుకు పద్దెనిమిది వందలు, భోజనం వేరే.

అక్కడ వంట చేసే పార్వతమ్మ తెలుగామె. వాళ్ల నాన్న కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చారట. సాయంత్రం గదికి దోమల చుట్ట తెచ్చి వెలిగించబోయింది.

"వొద్దమ్మా, వొద్దు! ఆ పొగ బట్టలకు పట్టుకుంటే పురుగులు సస్తాయి" అని మా ఆయన లేచి నిలబడ్డాడు.

పురుగులున్నన్నాళ్లూ మా ఇంట్లో దోమల చుట్ట వెలిగించం. ఆ అలవాటు సముద్రం దాటి వచ్చిందని నాకు నవ్వు వచ్చింది. "ఇంట్లో పురుగులు యాడుండాయి? షెడ్డు ఖాళీ గదా!" అన్నాను. ఆయన నవ్వలేదు. దోమలు కుట్టించుకుంటూనే పడుకున్నాం.

పొద్దున ఇడ్లీ తింటుండగా ఆయనకు చాకీ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. పురుగులను గుడ్డు నుంచి కొన్నాళ్లు సాకి రైతులకిచ్చే చోటు అది. సిగ్నలు సరిగా లేక ఆయన స్పీకరు పెట్టాడు. "అప్పా, మీ పురుగులు రెండో జ్వరం లేచినాయి. రేపు పొద్దున్నే వచ్చి ఎత్తకపోండి." పురుగు మేత మాని, పడుకుని, కుబుసం విడవడాన్ని మేము జ్వరం అంటాం. లేచిన పురుగు ఆకలితో ఉంటుంది. దాన్ని ఆపేవాళ్లు లేరు.

"ఆర్డరు ఎప్పుడిచ్చినావు?" అని అడిగాను.

"టికెట్లు తీసిన్నాడే."

"ఈ తేదీలకేనా?"

"నువ్వు యాడ బయలుదేరతావు లేమ్మే అనుకొంటి. ఆఖర్న వొద్దనేది ఎప్పుడూ నువ్వే గదా. బయలుదేరితివి. రెండు దినాలు వాళ్లు ఆపతారేమో అనుకొంటి."

"జ్వరం లేచింది ఆగదని నాకు నేర్పింది నువ్వు."

"నీ సంతోషం చెడగొట్టేదెందుకని చెప్పలేదు."

"అందుకని దీవిదాకా తెచ్చి చెడగొట్టినావు."

మరిది ఊళ్లోనే ఉన్నాడు, వాడు పోయి తేలేడా అంటే, "వాని చేతికి చాకీ పురుగులు ఇచ్చేదా?" అన్నాడు. బస యజమాని కనుక్కుంటే ఆ పొద్దుటి బోటులో ఒక్క సీటే దొరికింది. ఆ రోజు విమానానికి మా ఆయన వేరే టికెట్టు తీసుకున్నాడు. "నువ్వొకదానివే ఎట్లుంటావు?" అని అడిగాడు. "పురుగులు ఒంటరిగా ఉండలేవు గానీ నేనుంటా, పో" అన్నాను. ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. బోటు ఎక్కుతూ ఆయన ఫోనులో, రేపటికి లేతాకు ఏ పక్క కోయాలో చెబుతున్నాడు.

వెనక్కి వస్తే పార్వతమ్మ అడిగింది. "ఏటమ్మా, ఆరేరి? ఎల్లిపోనారా? సముద్రం సూడకుండానే?"

"పురుగులకు మేత వెయ్యాలంట."

ఆమె నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. "మావోడు సేపలకెల్తే మూడ్రోజులు ఇంటి ముకం సూడడు. తిన్నారా తల్లీ, మరో రెండిడ్లీ ఎయ్యనా?"

తిన్నాను. డబ్బు కట్టిన తిండి. తర్వాత ఆటోలో, రానూపోనూ నాలుగు వందలకు, సముద్రం తొలిచిన రాతి వంతెన దగ్గరికి వెళ్లాను. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవగలం. ఆ వేళ ముందుగా బసలో కనుక్కోవాలి. రాళ్ల మీద పాచి ఉంటుంది, జారని చెప్పులు తప్పనిసరి. గుంటల్లో నీలం రంగు చిన్న చేపలు ఉన్నాయి. ఎవరో కొత్త దంపతులు ఫోను ఇచ్చి ఫోటో తీయమన్నారు. తీశాను. నాకూ తీస్తామన్నారు. వద్దన్నాను. అంత నీటి ముందు ఎంతసేపు నిలబడ్డా "సూడు, సూడు" అని చెప్పడానికి పక్కన మనిషి లేకపోతే చూసింది లోపలికి దిగదు.

ఆ సాయంత్రం పార్వతమ్మను అడిగి దోమల చుట్ట తెప్పించుకున్నాను. నేనే వెలిగించాను. మర్నాడు నా టికెట్టు మీద నేను వచ్చాను. పక్కన ఆయన సీటు ఖాళీగా వచ్చింది.

పురుగులు నాలుగో జ్వరం లేచి బాగా తింటున్నాయి. "సూడు, ఎంత ఆబగా తింటాండాయో!" అని పొద్దున మా ఆయన షెడ్డులోకి పిలిచి చూపించాడు. పంట మంచిదే అవుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నేళ్లూ వద్దన్నది నేనే అన్న మాటా నిజమే. అయితే ఆ వద్దు ఇంటి కోసం అన్నది. నేను రానని నిశ్చింతగా ఉండి ఆయన అడుగుతున్నాడని తెలిసి ఉంటే, ఒక్కసారైనా ముందే సరే అనేదాన్ని.

పురుగులు పెంచే ఇంటివాళ్లకు ఒక్క సలహా. టికెట్లు తీసే ముందు చాకీ కేంద్రానికి మీరే ఫోను చేసి, మీ ఇంటి పేరు మీద ఆర్డరు ఏ తేదీకి ఉందో అడగండి. మీవారిని అడగవద్దు.

మేతకు వేళయింది. ఇప్పుడే ఒక విమానం తోట మీదుగా దిగింది. తలెత్తలేదు. విమానం ఎక్కిస్తానన్నాడు, ఎక్కించాడు. నాలుగు పక్కలా నీళ్లు చూపిస్తానన్నాడు, చూశాను. మా ఆయన నాకు పడిన బాకీ చెల్లు.