కూలర్ల హోరులో ఎక్స్ కిరణాలు

తొంభైల్లో దేశ రాజధానిలో, లక్ష్మీ నగర్‌లో అద్దె గదిలో ఉంటూ, ధౌలా కువాన్‌లోని కాలేజీలో ఫిజిక్స్ చదివేదాన్ని. చివరి ఏడాది సెమినార్ బాగా చెబితే, పరిశోధన సంస్థకు సిఫారసు ఉత్తరం రాస్తానన్నారు మా మేడమ్. ఆ ఉత్తరం రాకపోతే బుద్ధిగా ఇంటికొచ్చి బీఎడ్‌లో చేరాలని నాన్నగారి తీర్పు. ఫారం కూడా తెచ్చి పెట్టారు.

ఎక్స్ రే టెలిస్కోపుతో ఆకాశంలో ఏ దిక్కు చూసినా పలచగా పరుచుకుని కనిపించే ఎక్స్ కిరణాల వెలుగు ఎక్కడిదన్నది నా విషయం. విశ్వమంతా నిండిన వేడి వాయువుదని నా పాత పుస్తకం చెప్పింది. నాకసలే మొండితనం ఎక్కువ. అదే ఖాయమని ప్రొజెక్టర్ ప్లాస్టిక్ షీట్లన్నీ చెరగని ఇంకుతో రాసేశాను.

సెమినార్ ముందురోజు, లైబ్రరీకి ఆలస్యంగా చేరిన పత్రిక తిరగేశాను. కొత్త చిత్రాల్లో ఆ వెలుగు చాలావరకు చుక్కలుగా విడిపోయిందట. ఆ చుక్కల్లో ఎక్కువ భాగం దూరపు గెలాక్సీల నడిబొడ్డులేనట. అంటే నేను రాసిందంతా తప్పే. గదికొచ్చి షీట్లు మంచం మీద విసిరికొట్టాను.

"ఏమైంది పిల్లా, మొఖం గట్ల వెట్టుకున్నవ్?" అంది నా గదిలోనే ఉండి సివిల్స్‌కి చదివే కరీంనగర్ అక్క. చెప్పాను. అంతలో కరెంటు పోయింది. ఉక్కపోత భరించలేక ఇద్దరం డాబా ఎక్కాం.

కాసేపటికి కరెంటొచ్చింది. ముందు ఎదురింటి కూలర్ గరగరలాడింది. తర్వాత పక్కింటిది, ఆ వెనక మరొకటి. చూస్తుండగానే అన్నీ కలిసి రోజూ వినే హోరైపోయింది.

"ఒక్కటే మోత అనుకుంటిమి. గిన్ని కూలర్లున్నయా?" అంది అక్క.

ఆ వెలుగూ ఇంతేనంటూ నేను ఆమెను పట్టుకుని గిర్రున తిప్పేశాను. ఆమె నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనే షీట్లు తుడిచి మళ్లీ రాశాను.

"సీసా మొత్తం ఒడగొట్టినవ్ గద," అని గొణిగింది.

మర్నాడు కూలర్ల సంగతి చెబితే క్లాసంతా నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"అచ్ఛా. అయితే మొత్తం తేలిపోయినట్టేనా?"

అవుననేస్తే ఉత్తరం చేతిలో పడేది. కానీ తెర మీద, సరిగా చెరగని పాత అక్షరాలు నన్నే వెక్కిరిస్తున్నాయి.

"లేదు మేడమ్. తక్కువ శక్తి కిరణాల్లోనే చాలావరకు తేలింది. ఎక్కువ శక్తివి ఇంకా హోరుగానే ఉన్నాయి. నిన్నటిదాకా నేనూ ఖాయమనుకున్నదే తప్పయింది."

"ఠీక్ హై. మిగతావి నువ్వే వెళ్లి విడదీయి," అంటూ ఆమె లెటర్‌ప్యాడ్ తీశారు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. నాన్నగారు అంతా విన్నారు.

"అయితే అమ్మా, ఈ ఫారం చింపెయ్యనా?" అన్నారు.