వాడి చూసి రాసినది

మలంచా రోడ్డులోని నా ఫోన్ల రిపేరు కొట్టుకి వచ్చే ఆ విలేకరిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన పేపర్లో కొత్త ఫోన్ల గురించి రాసేవాడు. ప్రతి వ్యాసం కిందా "స్వయంగా వాడి చూసి రాసినది" అని ఉండేది. ఎదురుపడితే గుండె మీద చెయ్యేసుకుని నోటితోనూ అదే మాట అనేవాడు. నమ్మి, ఆయన మెచ్చుకున్న ఫోనే మా పిన్నికి కొనిపించాను. నెల తిరక్కుండా బ్యాటరీ ఉబ్బి, అంటుకుని, ఆవిడ అరచెయ్యి కాలింది.

ఆ వారమే ఆయన అదే రకం ఫోను పెట్టె తెచ్చి, కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారని చెప్పి, అమ్మిపెట్టమన్నాడు. చూస్తే పెట్టెకి సీలు కూడా తియ్యలేదు.

"వాడి చూసినానని రాసినారు కదా, ఏటిది?" అన్నాను.

చెయ్యి మళ్ళీ గుండె మీదకి వెళ్ళింది. "కంపెనీ కాగితం పంపుతాది తమ్ముడూ. అందులో అన్నీ ఉంటాయి."

"దీనివల్లే మా పిన్ని చెయ్యి కాలిపోనాది."

"అయ్యో! ఆవిడ చార్జింగు సరిగ్గా పెట్టుండదు."

నేనే సీలు చింపి, ఫోను ఆన్ చేసి ఆయన ముందుకి జరిపాను. "ఓపాలి చెవికాడ ఎట్టుకుని మాట్లాడండి."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోను బల్ల మీదే వదిలేసి, అటుగా వచ్చిన ఆటో ఎక్కేశాడు.