ఎర్ర అంకె దాకా చించిన కాగితాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజులన్నీ ఒక మేకుకు వేలాడుతుండేవి. మట్టెవాడలో రెండు గదుల ఇల్లు మాది. ముందుగది గోడకు, రోజుకొక కాగితం చించే క్యాలెండరు ఉండేది. కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఇచ్చేవారు. కాగితం మీద పెద్ద అంకె, దాని కింద ఆ రోజు వాక్యం. మామూలు రోజులకు నల్ల అంకె, ఆదివారానికి ఎర్ర అంకె. పొద్దున్నే వాక్యం పైకి చదవడం నా పని. మా నానమ్మకు చదువు రాదు. ఎర్ర అంకెను మాత్రం వాకిట్లో నుంచే గుర్తుపట్టేది.

సాయంత్రం దీపాలవేళకు ఆ రోజు కాగితం చించి, నానమ్మా నేనూ నేల మీద కూర్చునేవాళ్లం. కాగితం వెనక తెల్లగా ఉంటుంది కదా, అదే మా పలక. "ఇయ్యాల ఏమొచ్చిందే మనకు?" అని అడిగేది. ఆ రోజు మాకు అందిన మంచి ఏదో ఒకటి దాని మీద వేయాలి. రంగులు వంటింట్లోనే ఉండేవి: పసుపు, బొగ్గు, బట్టలకు పెట్టే నీలిమందు, చిక్కుడాకు పసరు. బచ్చలిపండ్లు నలిపితే వంకాయ రంగు వచ్చేది, గౌనుకు అంటితే ఎన్ని ఉతుకులకైనా పోయేది కాదు. నేను బొమ్మ కింద ఒక ముక్క రాసేదాన్ని. నానమ్మ ఏది వేసినా సొరకాయలాగే వచ్చేది. కోడిని వేస్తే సొరకాయ, బిందెను వేస్తే సొరకాయ. నేను పడీ పడీ నవ్వితే, "నవ్వుతానవా? దేవునికి తెలుస్తది తియ్, గది కోడి అని" అనేది. ఆ కాగితాన్ని ఉత్తరాలు గుచ్చే తీగకు గుచ్చి, "స్తోత్రం తండ్రీ" అని లేచేది. మా ఇంటి ప్రార్థనలో ఎక్కువ భాగం అంతే.

నాకు ఓపిక పుట్టుకతోనే లేదు. అన్నం ఉడుకుతుంటే పదిసార్లు మూత తీసి చూసే రకాన్ని. ఇప్పుడూ అంతే, కావాలంటే మా ఆయన్ని అడగండి.

ఆ చలికాలం మా అమ్మకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నారు. కషాయాలయ్యాయి, గోలీలయ్యాయి, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకనాడు మధ్యాహ్నం నేను నీళ్ల గ్లాసు ఇవ్వబోతే నావైపు చూసి, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది. గ్లాసు అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తాను. మా బాపు, అంటే నాన్న, రిక్షా తెచ్చి, అమ్మను చేతుల మీద ఎత్తుకుపోయి కూర్చోబెట్టాడు. ఆమె చెప్పులు గడప దగ్గరే ఉండిపోయాయి.

ఇక అక్కడినుంచి ఇల్లు ఇల్లులా లేదు. బాపు రాత్రీ పగలూ దవాఖానలోనే. నానమ్మ అన్నం గిన్నె పట్టుకుని అక్కడికీ ఇక్కడికీ తిరిగేది. చిన్నపిల్లలను లోపలికి రానివ్వరని నన్ను పక్కింట్లో వదిలిపోయేది. నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లు నన్ను చూడగానే గొంతు తగ్గించేవాళ్లు. ఎంత తగ్గించినా, "పాపం, ఆ పిల్ల తల్లి దక్కుతదో లేదో" అన్న మాట నా చెవిన పడనే పడింది. ఆ మాట విన్నాక ఒక్కచోట కూర్చోలేకపోయాను. గడపలోకి, వాకిట్లోకి, మళ్లీ గదిలోకి. ఆకలి వేయదు, ఆట మీదికి మనసు పోదు.

ఒక సాయంత్రం బాపు బట్టలు మార్చుకోవడానికి వచ్చాడు. డాక్టరమ్మ ఏమన్నదో నానమ్మకు చెబుతుంటే విన్నాను. "ఆదివారం దాకా చూద్దామన్నదే అమ్మా. జరం తగ్గితే ఇంటికి తోలిస్తదట." తగ్గితే అన్న ముక్క నా చెవికి ఎక్కనే లేదు. ఆదివారం, ఇల్లు, ఈ రెండే ఎక్కాయి.

తెల్లారి లేచి క్యాలెండరు ముందు నిలబడ్డాను. బుధవారం, నల్ల అంకె. ఆదివారం దాని కింద ఎక్కడో ఉంది. ఇంట్లో రోజు ఏమిటో ఈ గోడే కదా చెప్పేది, గోడ ఆదివారం అంటే ఆదివారం కాక ఏమవుతుంది? అప్పటి నా బుర్రకు అది చాలా సబబుగా తోచింది. బుధవారం చించాను. ఇంకొకటి, ఇంకొకటి, ఎర్ర అంకె బయటపడేదాకా చించి, వాటిని నలిపి బియ్యం డబ్బా వెనక కుక్కాను. తర్వాత అమ్మ చెప్పులు కడిగి, తుడిచి, గడప ముందు పెట్టాను. రిక్షా దిగగానే వేసుకుంటుందని.

నానమ్మ ముఖం కడుక్కుని లోపలికి వచ్చి గోడ వైపు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఐతారమా! చాపలు పరిచే వంతు నాదే గదనే!" ఆ ఆదివారం చర్చిలో ఆరాధనకు ముందు చాపలు పరిచే వంతు ఆమెదే. దవాఖాన తిరుగుడులో, నిద్రలేని రాత్రుల్లో ఆమెకు రోజులు కలగలిసిపోయాయి. గబగబా నెత్తిన నీళ్లు పోసుకుని, పెట్టెలోని తెల్లచీర కట్టి, బైబిలు సంచి చంకన పెట్టి, చెప్పులైనా సరిగా వేసుకోకుండా వెళ్లిపోయింది. చూశావా, నానమ్మకు కూడా ఆదివారం వచ్చేసింది అనుకున్నాను.

ఎంతసేపూ పట్టలేదు, వెనక్కి వచ్చింది. చర్చికి తాళం ఉందట. పక్కనే ఉన్న పాస్టరు అయ్యగారి తలుపు తట్టితే ఆయన భార్య పొయ్యి దగ్గర్నుంచి చేతిలో అట్లకాడతోనే వచ్చి, "ఇయ్యాల బుధవారం గదా పెద్దమ్మా, ఎటు పోతానవ్ గింత పొద్దుగాల?" అని నవ్విందట. పక్కింటి అక్క గోడ మీది నుంచి చూసి, "ఏందమ్మా, పెండ్లికి పోయొస్తానవా తెల్లచీర కట్టుకొని?" అని వేళాకోళం చేసింది. నానమ్మ చూపు గడప ముందున్న చెప్పుల మీద ఉంది. తడి ఇంకా ఆరలేదు. వాటిని చూసింది, గోడ మీది ఎర్ర అంకెను చూసింది, నన్ను చూసింది.

నాలుగు తగిలిస్తుందనుకుని మూలకు జరిగాను. ఆమె గడపలోనే కూలబడి, "తే బిడ్డా, యాడ దాచినవ్?" అంది. నలిగిన కాగితాలు తెచ్చి ఇచ్చాను. మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్కదాన్ని అరచేత్తో సాపు చేసింది. తిప్పి, వెనకవైపు చూపించింది.

"మీ అమ్మ జరంలో పండుకున్నది. ఆమెకు ఇంటి ముచ్చట ఏమెరుక? రేపు వచ్చి, నేను లేనప్పుడు ఏమైందే బిడ్డా అని అడుగుతది. గీ తెల్లకాగితాలు చూపిస్తవా?"

అంతవరకు ఆ రోజులు నాకు అడ్డం పడ్డవి, అంతే. వాటిలో అమ్మకు చూపించాల్సింది ఏదైనా ఉంటుందని నాకెందుకు తడుతుంది? నానమ్మ ఆ కాగితాలను బైబిలు కింద బోర్లించి పెట్టింది. ఇక రోజూ సాయంత్రం అందులోంచి ఒకటి తీసి నా ముందు పెట్టి, ఎప్పటిలాగే, "ఇయ్యాల ఏమొచ్చిందే?" అని అడిగేది.

మొదటి రోజు, "ఏం రాలే" అని ముఖం తిప్పుకున్నాను. వచ్చింది మరి. ముందురోజే మేడారం జాతర నుంచి వచ్చిన పక్కింటి అక్క, ఆ మధ్యాహ్నం మాకూ ఒక బెల్లం ముక్క తెచ్చి ఇచ్చింది. అక్కడ తల్లులకు మొక్కి ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. మా చర్చిలో కొందరు అలాంటివి ముట్టుకోరు. నానమ్మ మాత్రం రెండు చేతులూ చాచి తీసుకుంది. "గా పిల్ల గంత దూరం పోయి, గంత మందిల మీ అమ్మ పేరు తీసి మొక్కింది. దేవుడు ఇనలేదనుకుంటానవా?" అని నా నోట్లో చిన్న ముక్క పెట్టింది. పసుపూ బొగ్గూ కలిపి బెల్లం బొమ్మ వేశాను. బాగానే కుదిరింది. మరునాడు చిక్కుడుపాదుకు పూత కనిపిస్తే దాన్ని వేశాం. ఒకరోజు బాపు దవాఖాన నుంచి వచ్చి, అమ్మ గంజి తాగిందని చెప్పి వెళ్లాడు. ఆ గంజి గిన్నెను నానమ్మే వేసింది. సొరకాయే వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఆ రోజుల్లో నవ్వు రావడమేమిటని సిగ్గు కూడా వేసింది. వేయడానికి ఏముందా అని కళ్లు వెతుకుతుంటే, కాళ్ల తిరుగుడు కొంచెం తగ్గేది. పూర్తిగా పోయేది కాదు.

అసలు ఆదివారం వచ్చింది. ఆరాధనకు కూడా పోనని మొండికేసి, చెప్పుల పక్కన గడప మీద కూర్చున్నాను. వీధి మలుపులో రిక్షా గంట మోగినప్పుడల్లా లేచేదాన్ని. పొద్దు వాలుతుండగా బాపు వచ్చాడు. నడిచి వచ్చాడు, ఒక్కడే. జ్వరం మళ్లీ పెరిగిందని నానమ్మకు చెబుతూ గోడకు తల ఆనించి ఏడ్చాడు. మగవాళ్లు ఏడుస్తారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం నానమ్మ ఎర్ర అంకె కాగితం చించి నా ముందు పెట్టింది. ఏమొచ్చిందని అడగలేదు. "నేను వెయ్య. స్తోత్రం చెప్ప. ఎందుకు చెప్పాలె?" అని అరిచాను.

"చెప్పకు" అంది ఆమె. "కోపమొస్తాంది గదా? గదే పెట్టు. దేవునికి చదువొచ్చు, చదువుకుంటడు."

బొగ్గు తీసి రుద్దాను. కాగితం అంతా నల్లబడి, ఒకచోట చిరిగిపోయేదాకా రుద్దుతూనే ఉన్నాను. ఏడుస్తూ రుద్దాను. నానమ్మ ఆపలేదు. నేను అలసిపోయాక, ఆమె పసుపు డబ్బాలో తడి బొటనవేలు ముంచి, ఆ నలుపు మీద ఒక మూల ఒత్తింది. చదువు రానివాళ్లు పెట్టే వేలిముద్రలాగా. "నీ ఒక్కదానిదే కాదే, నాది గూడ" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆమె ఒళ్లో పడ్డాను. ఆ కాగితాన్నీ తీగకు గుచ్చింది, మిగతావాటితో పాటే. ఆ పూట స్తోత్రం అన్నదో లేదో, నాకు వినపడలేదు.

అమ్మ ఇంకా కొన్నాళ్లకు వచ్చింది. ఏ ఎర్ర అంకె నాడూ కాదు, నేను ఎదురుచూడని వేళ, వంటింట్లో వేరుశనక్కాయలు ఒలుస్తుంటే వచ్చింది. జుట్టంతా రాలిపోయి, సన్నగా, ఎవరో చుట్టాలావిడలా గడపలో నిలబడి, కాళ్ల దగ్గరున్న చెప్పులను చూసింది. మంచం మీద కూర్చోబెట్టగానే, నానమ్మ అన్నట్టే అడిగింది. "నేను లేనప్పుడు ఏమైందే బిడ్డా?"

తీగ తీసుకొచ్చి ఒళ్లో పెట్టాను. ఒక్కొక్కటి తిప్పుతూ చూసింది. బెల్లాన్ని గుర్తుపట్టింది. గంజి గిన్నె దగ్గర, "ఇది సొరకాయనా?" అంటే ఇద్దరం నానమ్మ వైపు చూసి నవ్వాం. నల్ల కాగితం రాగానే ఆగిపోయింది. నేను నానమ్మ చీర వెనక్కి దాక్కున్నాను. అది నువ్వు రాని ఐతారం అని నానమ్మే చెప్పింది.

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "గా రోజు నేను గూడ గంతే. ప్రార్థన చేస్తమని చర్చోళ్లు మంచం కాడికి వస్తే, గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఒక్కదాన్నే అనుకున్న" అంది. ఆ కాగితాన్ని తీగ నుంచి మెల్లగా తీసి, తన బైబిలులో పెట్టుకుంది.

అమ్మ బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. బొగ్గు ఎదురు పేజీకి అంటి మరక కట్టింది. పసుపు ముద్ర వెలిసింది గానీ నానమ్మ వేలి గీతలు కనిపిస్తాయి. తేదీ తెలుసుకోవడానికి ఫోనుంది కదా అని మా మనవరాలు నవ్వుతుంది, అయినా గోడకు చించే క్యాలెండరు లేకపోతే నాకు తోచదు. ఈ వారం మా ఆయన దవాఖానలో ఉన్నాడు. గుండెకు ఆపరేషను చేయాలో వద్దో శనివారం చెబుతామన్నారు. ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఆ గోడ దగ్గరికి వెళ్లానో, చేతులు ఊరుకోవు, ఈ వయసులోనూ. ఇవాళ్టిది ఒక్కటే చించాను. వెనక వేయడానికి ఏమీ తోచలేదు. వంటింట్లోకి వెళ్లి, పసుపు డబ్బాలో తడి బొటనవేలు ముంచి, తెల్లకాగితం మీద ఒత్తి తీగకు గుచ్చాను. దేవునికి చదువొచ్చు.