చెల్లెలికి కనిపించే దేవుడు

టైలరక్కకి చెల్లెలి మీద కుళ్లు. మంచి మొగుడు దొరికాడనో, ఇద్దరు పిల్లలున్నారనో కాదు. తను పెళ్లి చేసుకోకపోయినా చెల్లెలి కాపురం చూసి మురిసిపోయిన మనిషే. కుళ్లంతా దేవుడి దగ్గరే వచ్చింది.

కింద గదిలో అక్క కుట్టుమిషను, పైన చెల్లెలి సంసారం. తెల్లారగానే టైలరక్క మిషను పక్కన మోకరించేది. చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల అంగీలన్నీ ఆవిడ కుట్టినవే. ఉపవాసం తప్పలేదు, ఆదివారం మానలేదు. యాభై దాటినా అవతలి నుంచి మాత్రం ఒక్క అలికిడి లేదు. ఎత్తని ఫోనుకి పొద్దస్తమానం ఫోన్ చేస్తున్నట్టుండేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే పరువేం కాను?

చెల్లెలేమో ప్రార్థనలో కునికిపాట్లు పడే రకం. అలాంటిది, డాబా మీద బట్టలారేయడానికి వెళ్లి కళ్లు తుడుచుకుంటూ దిగేది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. గాలొచ్చి దుప్పట్లన్నీ ఒక్కసారి లేచాయి. వెనకాల అంత ఆకాశం. ఇదంతా చేసినాయన నా పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. క్లిప్పులు అందిస్తాడేమో అన్నంత దగ్గరగా."

టైలరక్క "ఊఁ" అని పళ్లతో దారం తెంపేది. లోపల భగ్గుమనేది.

ఒకరోజు ఉండబట్టలేక తనూ పైకెళ్లింది. అవే దుప్పట్లు, అదే ఆకాశం. మెడ పట్టేసేదాకా చూసింది. ఓ పావురం వచ్చి, ఆవిడ భుజం మీద రెట్ట వేసి పోయింది.

"దానికేమో నువ్వు, నాకేమో ఇదా!" అని గొణుక్కుంటూ మెట్లు దిగింది.

ఆ వారమే చర్చిలో స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు చెల్లెల్ని, దేవుడు తనకెలా తెలిశాడో సాక్ష్యం చెప్పమన్నారు. చెల్లెలు సిగ్గుపడుతూ లేచి, వెనక గోడ పగుల్లో మొలిచిన మొక్క సంగతి ఎత్తుకుంది.

"గోరంత పువ్వండీ. లోపల సన్నటి ఊదా గీతలు. ఎవరూ చూడని చోట కూడా అంత శ్రద్ధగా గీశాడంటే, నన్ను వదిలేస్తాడా అనిపించింది."

ఎవరో ముక్కు చీదారు. తను గంటసేపు ప్రార్థన చేసినా ఏనాడూ కరగని ఆ ముఖాలు కరగడం టైలరక్క కళ్లారా చూసింది. ఇక ఆగలేకపోయింది.

"చూడాల్సింది సృష్టిని కాదు, సృష్టికర్తని. పువ్వుని చూసి ఏడిస్తే అది భక్తా? ఇలాగే పోతే చివరికి పువ్వునే దేవుడంటాం!"

చెల్లెలు మాట మధ్యలోనే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఆమె డాబా మీంచి పొడికళ్లతో దిగడం మొదలుపెట్టింది. మొదట్లో టైలరక్కకి హాయిగానే ఉంది. రానురాను మిషను ముందు కూర్చుని మెట్ల వైపు చెవి పెట్టసాగింది. ఆఖరికి తనే అడిగింది.

"ఇవాళేమీ చెప్పవేమే?"

"చూడ్డం మానేశానక్కా. నీకు తెలిసినంత నాకు తెలీదు కదా. తప్పేమోనని భయమేస్తోంది. ఆరేసి వచ్చేస్తున్నా."

గెలుపంటే అదే. కానీ రుచించలేదు. అవతల ఒకరున్నారన్న కబురు ఇన్నాళ్లూ ఆవిడకి అందింది చెల్లెలి నోటి వెంటే. ఇప్పుడు అదీ లేదు.

మర్నాడు మోకరిస్తే కంఠతా వచ్చిన ప్రార్థనలేవీ నోటికి రాలేదు. "దానికి కనిపిస్తావు, నాకెందుకు కనిపించవు? నేనేం తక్కువ చేశాను?" అని గట్టిగా అరిచింది.

చెల్లెలు పరుగున దిగి వచ్చింది. "ఎవర్ని తిడుతున్నావక్కా?"

"దేవుణ్ని!" అంది టైలరక్క. ఆపైన ఏడుస్తూ, "నీ మీద కుళ్లే నాకు. ఆ రోజు మాట్లాడింది భక్తి కాదు, కుళ్లు" అంది.

చెల్లెలు గుడ్డపేలికల కుప్ప మీద కూలబడింది. "ఏమీ కనిపించకపోయినా రోజూ మోకరిస్తావు నువ్వు. నావల్ల ఒక్క వారం కూడా కాదక్కా."

"ఆ ఓదార్పు నాకొద్దు. నీకు దొరికేదే నాకూ కావాలి."

"మరి నేనేం చెయ్యను?"

"పైకి పో. చూడు. చూసొచ్చి నాకు చెప్పు."

తర్వాతి కూటంలో టైలరక్కే చెల్లెల్ని లేపి నిలబెట్టింది. చెల్లెలు వాన ముందు లేచే మట్టి వాసన గురించి చెబుతోంది. టైలరక్క పక్కన కూర్చున్న ముసలామెకి చెవుడు.

"ఏమంటోందే?" అని ఆమె టైలరక్క మోచెయ్యి పట్టి లాగింది.

టైలరక్క ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కో మాటా అరిచి చెప్పింది. "వాన రాకముందే కబురు పంపిస్తాడట, మామ్మా! మట్టితో!"

"నీకూ అలా అనిపిస్తుందా?"

"లేదు మామ్మా."

కడుపులో మంట ఎక్కడికీ పోలేదు. అయినా చెల్లెలి తర్వాతి మాట కోసం టైలరక్క అటు తిరిగింది.