బండి మెడ మీద పసుపు

పోయిన ఆదివారం మా ఎదురింటాయన సెకండ్ హ్యాండ్ మోటారు సైకిల్ ఒకటి కొనుక్కొచ్చాడు. వీధిలో అందరినీ పిలిచి చూపిస్తూ నన్నూ పిలిచాడు. ఆయన భార్య హ్యాండిల్‌కి నిమ్మకాయలు కట్టి, హెడ్‌లైటుకు మూడు బొట్లు పెట్టి, హ్యాండిల్ కిందున్న బండి మెడకి పసుపు రాసి, హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. నేను ఇంజను గురించి గానీ టైర్ల గురించి గానీ ఒక్క ముక్క అడగకుండా వంగి, ఆ మెడ మీది పసుపును బొటనవేలితో తుడిచేశాను. ఆవిడ ముఖం మాడిపోయింది. నేను కళ్ళజోడు సర్దుకుని, పసుపు కింద చెక్కి ఉన్న అంకెలు పైకి చదివి, ఆర్సీలో ఉన్నవి ఇవేనేమో చూసుకోమని చెప్పి ఇంటికొచ్చేశాను. ముసలాయనకి చాదస్తం ముదిరిందని ఈపాటికి వీధంతా అనుకుంటూ ఉంటుంది. అనుకోనీ.

ఈ చాదస్తం నాకు మా అక్క వల్ల వచ్చింది. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. పెళ్ళయి పొదిలి కాపురానికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకు వెళ్ళింది. నా తలకి నూనె రాసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, లెక్కలు తప్పితే వీపు పగలగొట్టిందీ ఆమే. బావ మంచివాడో కాదో నాకు అప్పట్లో తెలియదు గానీ, ఇంట్లో ఇంకో కంచం పెరిగినందుకు ఏనాడూ ఒక్క మాట అనలేదు. అందుకని ఆయనంటే నాకు గౌరవమూ, దానికి రెండింతలు బెదురూ ఉండేవి. ఉద్యోగం వచ్చి, నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాక కూడా ఆయన ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోలేదు.

నా ఉద్యోగం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తి చేలూ మిరప చేలూ దాటుకుంటూ ఊరూరా తిరిగి గేదెలకు సూదులు వేయాలి. పాత స్కూటరు మూలపడ్డ సంగతి తెలిసి బావ ఫోన్ చేశాడు. తాను కొత్తది తీసుకుంటున్నాననీ, తన బండి నన్ను తీసుకోమనీ అన్నాడు. బయట కొంటే అది ఎవడి చేతుల్లో నలిగిందో ఏం తెలుస్తుందని కూడా అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

బస్సెక్కి పొదిలి వెళ్ళేసరికి బండి కడిగి వాకిట్లో పెట్టి ఉంది. అక్క బొట్లు పెట్టింది. మిగతా అంతా చుక్కలు చుక్కలుగా పెట్టి, మెడకి మాత్రం గోడకి సున్నం వేసినట్టు పసుపు పట్టించింది. "తుడవమాకురా, చల్లగా ఉంటావు" అంది. నేను తుడుస్తానా? పేరు మార్పు సంగతి నసిగితే, మనలో మనకి కాగితాలేంటి, నిదానంగా చూద్దామన్నాడు బావ. మా వైపు అయినవాళ్ళ దగ్గర కొన్న బండి అమ్మినవాళ్ళ పేరు మీదే ఏళ్ళ తరబడి తిరుగుతుంది. కాగితాలు అడగడమంటే నమ్మకం లేదని ముఖాన చెప్పడమే.

ఆ బండి మొదటి రోజు నుంచీ ఎడమ పక్కకి లాగేది. నేను నల్లరేగడి బాటలను తిట్టుకున్నాను, టైర్లను తిట్టుకున్నాను, చివరికి నా భుజంలోనే ఏదో లోపముందేమోనని తైలం కూడా రాయించుకున్నాను. "డాక్టరు గారూ, మీ బండి మా గేదె లాగే పక్కచూపులు చూస్తా నడుస్తందండీ" అని ఒక రైతు నవ్వాడు. నేనూ నవ్వాను. ప్రతి శుక్రవారం మా ఆవిడ గడపకి రాయగా మిగిలిన పసుపు తెచ్చి, అక్క రాసిన పసుపు మీద మళ్ళీ రాసేది. రెండేళ్ళలో అది పెచ్చు కట్టింది. మా చేతులతో మేమే దాన్ని భద్రంగా కప్పి పెట్టుకున్నాం.

బాపట్ల వైపు బదిలీ అయినప్పుడు, ఇక పేరు మార్పించక తప్పదని రవాణా ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఏజెంటు ఫ్రేము మెడ మీద చెక్కిన నంబరు అచ్చు తీసుకోవడానికి పల్చటి కాగితం, పెన్సిలు పట్టుకొచ్చాడు. పసుపు పెచ్చును రూపాయి బిళ్ళతో గీకి, కాగితం పెట్టి రుద్ది, ఆర్సీతో పోల్చి చూసి, అంకెలు కలవకపోయేసరికి నా వంక చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక మెకానిక్కు వచ్చి వంగి చూసి, "ఫ్రేమ్ మార్చారండి. పాతది గుద్దుకుని విరిగుంటది. ఇది ఏ బండిదో మరి" అన్నాడు.

బండి అక్కడే ఉంచేసుకున్నారు. ఆ ఫ్రేము దొంగసొత్తని తేలితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా ఉంటుంది. ఆఫీసరు నా ముందే బావకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "నేనిచ్చినప్పుడు సుబ్బరంగా ఉందండీ. రెండేళ్ళు వాడాడు, మధ్యలో ఏం మార్పించుకున్నాడో నాకేం తెలుసు?" అన్నాడు బావ. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

మర్నాడు పొదిలి వెళ్ళాను. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, బస్సంతా దగ్గుతోంది. బావ ఇంట్లో లేడు. అక్క అన్నం పెట్టింది. బండి ఇచ్చేటప్పటికే అలా ఉందని ఒక్క మాట ఆఫీసుకి వచ్చి చెప్పమన్నాను. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"పసుపు దట్టంగా పెట్టమని మీ బావే చెప్పాడురా. ఎందుకని నేను అడగలా. అడిగితే చెప్తాడేమోనని" అంది.

మరి ఆ మాటే ఆఫీసరుకి చెబుతావా అని అడిగాను. అక్క గోంగూర పచ్చడి ఇంకాస్త వేసి, నెయ్యి పోసి, అన్నం తినమంది. నేను తిన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది గానీ, కంచం ఊడ్చి తిన్నాను.

తిరిగొచ్చి, ఫ్రేము నేనే మార్పించాననీ, చెప్పాలని తెలియక చెప్పలేదనీ రాసిచ్చాను. నిజం రాస్తే బావని పిలుస్తారు, అక్క కాపురంలో నిప్పు పడుతుంది. నాలుగు నెలలు సస్పెన్షన్లో ఉన్నాను. చివరికి ఆ ఫ్రేము పాత ఇనుము కొట్టుకి వచ్చిన, మంటల్లో కాలిపోయిన బండిదని తేలి నన్ను వదిలేశారు. కానీ సర్వీసు పుస్తకంలో పడిన మచ్చ పోలేదు. నా వెనక చేరినవాళ్ళు నా పై అధికారులయ్యారు, నేను కాంపౌండరుగానే రిటైరయ్యాను. పెళ్ళిళ్ళలో బావ పదిమందిలో నా భుజం తట్టి, లక్షణమైన బండిని పాడుచేసుకున్నాడని చెప్పి నవ్వేవాడు. అక్క పక్కనే ఉండి వింటూ, వచ్చినవాళ్ళకి తాంబూలాలు ఇచ్చేది.

బావ పోయి మూడేళ్ళయింది. ఇక భయపడాల్సినవాళ్ళు ఎవరూ లేరు గనుక అక్క ఇప్పుడైనా ఆ మాట ఎత్తుతుందని చూశాను. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడుగుతుంది, మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతుంది, పెట్టేస్తుంది. బావ మీద నాకున్న కోపం ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడిపోయింది. అక్క మీద ఆ రోజు నాకు కోపమే రాలేదు. అది ఏటికేడు కొంచెం కొంచెంగా ఇప్పుడు వస్తోంది.