మా వారు సీటు వదిలేశారు

ఈ సాయంత్రం మధురానగర్‌లో, మా వీధిలో, మా ఆరేళ్ల పాపకి సైకిల్ నేర్పే కార్యక్రమం జరిగింది. గురువు మా వారు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే మనిషి కదా, పాపని సీటు మీద కూర్చోబెట్టి, బ్యాలెన్స్ అంటే ఏమిటో, బ్రేకు ఎలా పనిచేస్తుందో పెద్ద పాఠమే చెప్పారు. పాప ఆవులించింది. ఆ తర్వాత సీటు వెనక ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, పాప ఎంత తొక్కినా సైకిల్ కదల్లేదు.

అంతలో ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ ఈయన కొత్త బ్యాచ్ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. సైకిల్ కదిలింది.

"నాన్నా, పట్టుకున్నావా?" వెనక్కి చూడకుండానే అరిచింది పాప.

"ఆఁ, పట్టుకున్నా, పట్టుకున్నా!" అన్నారీయన, ఉన్నచోటే నిలబడి.

నేను పరిగెత్తబోతే ఎదురింటి యాదమ్మక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"జర ఆగు చెల్లె! అన్నా, నువ్వు ఫోన్ పెట్టకు, గట్లనే మాట్లాడు! పొల్ల మస్తు తొక్కుతున్నది!"

పాప వీధి చివరిదాకా వెళ్లి, కాలు ఆనించి వెనక్కి చూసింది. నాన్న ఎక్కడో దూరంగా ఉన్నారు. ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది.

"చూశావా? థియరీ బలంగా ఉంటే ప్రాక్టికల్ దానంతటదే వస్తుంది," అన్నారు మా వారు ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

ఇంట్లోకి వస్తూ పాప నా చెవిలో అడిగింది: "అమ్మా, రేపు కూడా నాన్నకి ఫోన్ వస్తుందా?"

మీ ఇళ్లలో సైకిల్ నేర్పింది నాన్నలా, నాన్నల ఫోన్లా?